హైవే పక్క వెంచర్‌లో ఇల్లు కొన్నాక కారు లేనిదే గడప దాటలేకపోతున్నాము: మీ సలహా కావాలి

నాలుగో లైను (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మూడేళ్ల క్రితం వరకు మేము గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో అద్దెకు ఉండేవాళ్లము. తర్వాత విజయవాడకూ గుంటూరుకూ నడుమ, జాతీయ రహదారి నుంచి కిలోమీటరున్నర లోపలికి, ఒకప్పటి మాగాణిలో వేసిన ఒక వెంచర్‌లో డూప్లెక్స్ ఇల్లు కొనుక్కుని వచ్చాము. అమ్మిన వారి బ్రోచర్‌లో విజయవాడకు అరగంట, గుంటూరుకు ఇరవై నిమిషాలు, మంగళగిరి ఎయిమ్స్‌కు పది నిమిషాలు అని అచ్చు వేసి ఉంది. ఆ లెక్కలో అబద్ధమేమీ లేదు. కాకపోతే అవన్నీ కారు నిమిషాలన్న సంగతి వారు రాయలేదు, మేమూ అడగలేదు.

ఇప్పుడు మా ఇంట్లో జీతం లేని డ్రైవరును నేనే. స్కూలు బస్సు మా గేటు దాకా రాదు కనుక ఉదయం ఏడుంబావుకు అమ్మాయిని హైవే మీద ఎక్కించాలి, వెనక్కి వచ్చి మా ఆవిడను షేర్ ఆటోలు దొరికే చోట దింపాలి, ఆ తర్వాత విజయవాడ గవర్నర్‌పేటలోని నా ఆఫీసుకు బయలుదేరాలి. సాయంత్రం ఇదంతా తిరగేసి చేయాలి. మధ్యలో అమ్మాయి ట్యూషన్, గ్యాస్ స్టవ్ బాగుచేసేవాడిని తీసుకురావడం, కొత్తిమీర కట్ట మర్చిపోతే మళ్లీ మంగళగిరి దాకా వెళ్లడం. అన్నీ కలిపి రోజుకు 50 కిలోమీటర్లు తక్కువ కాకుండా తిరుగుతున్నాను. ఈ ట్రాఫిక్‌లో నా బండి లీటరుకు 15 ఇస్తే గొప్ప. లీటరు 110 రూపాయల లెక్కన నెలకు తొమ్మిది వేలకు పైగా పెట్రోలుకే పోతోంది. బ్రాడీపేటలో ఉండగా మేము పెట్రోలు లెక్క రాసుకున్న గుర్తే లేదు.

డబ్బు సంగతి ఎలాగో సర్దుకోవచ్చు. నన్ను కుదురుగా ఉండనివ్వనిది మా అమ్మ సంగతి. ఆమెకు 71 ఏళ్లు, మోకాళ్లు కొంచెం నొప్పి తప్ప ఆరోగ్యంగానే ఉంటుంది. బ్రాడీపేట గురించి తెలిసినవారికి చెప్పనక్కర్లేదు, అక్కడ లైన్లకూ అడ్డరోడ్లకూ అంకెలే పేర్లు, ఏ మలుపు తిరిగినా దారి ఎక్కడో ఒకచోట కలుస్తుంది. అమ్మ పొద్దున్నే గుడికి వెళ్లి, వస్తూ వస్తూ బండి మీద కూరలు బేరమాడి, టైలరు దగ్గర పది నిమిషాలు కూర్చుని, అవసరమైతే బీపీ కూడా తనే చూపించుకుని, ఆ రోజు వీధిలో ఎవరింట్లో ఏం జరిగిందో కూడా తెలుసుకుని ఇంటికి చేరేది. ఇక్కడ రోడ్లు నలభై అడుగులు, చెట్లున్నాయి, గాలి బాగుంటుంది, కానీ వెళ్లడానికి చోటు లేదు. గేటు దాటితే కాలిబాట లేని రోడ్డు, దాని చివర లారీలు దూసుకుపోయే హైవే. ఆమె ఏం కావాలన్నా నన్నే అడగాలి. అడిగే ముందు "నీకు వీలైనప్పుడే నాన్నా" అంటుంది. నలభై ఏళ్లు ఎవరినీ అడగకుండా బతికిన మనిషి నోట ఆ మాట వింటే నాకు సిగ్గుగా ఉంటుంది.

నా ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి. రెండో కారు కొని మా ఆవిడకు నేర్పించడం, ఈ ఇల్లు అద్దెకిచ్చి మళ్లీ ఊళ్లోకి పోవడం, లేదా ఇంకేదో. అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నాడు, వాడికి స్కూటీ కొనివ్వమని బంధువులు అంటున్నారు. ఇలాంటి చోట్ల ఉంటున్నవారు ఏం చేశారో దయచేసి చెప్పండి.

సత్యనారాయణపురం:

నొచ్చుకోకండి, కానీ మీరు ఊరిని మరీ బంగారు పూత పూసి చూపిస్తున్నారు. నేను విజయవాడ నడిబొడ్డున పుట్టి పెరిగాను. మా ఇంటి ముందు ఎవరి కారు ఆపాలన్న దానిమీద వారానికో గొడవ, గట్టిగా వాన పడితే మోకాలి లోతు మురుగు, ఫుట్‌పాత్ అన్నది ఉన్నచోట దానిమీద టిఫిన్ బండి. బీసెంట్ రోడ్డులో నడవడం కూడా ఒక విద్యే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో ఉన్న మా చెల్లెలి కుటుంబం రోజుల తరబడి మేడ మీద గడిపింది. వాళ్లూ బస్సు, బజారు, బడి అన్నీ దగ్గరున్నాయనే అక్కడ ఇల్లు తీసుకున్నారు. మీరు పెట్టిన డబ్బుకు ఊళ్లో లిఫ్టు లేని పాత అపార్ట్‌మెంట్‌లో రెండు గదులు వచ్చేవి, ఆ మూడో అంతస్తు మెట్లు దిగడానికి కూడా మీ అమ్మగారు మిమ్మల్నే పిలిచేవారు. తిరిగి వచ్చే ముందు ఈ సంగతి కూడా ఆలోచించండి.

పాత స్టీరింగు:

అయ్యా, నేను ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరయ్యాను. గుంటూరు, విజయవాడ దారిలో చాలా ఏళ్లు బండి నడిపాను కనుక బస్సు మీ గేటు దాకా ఎందుకు రాదో నాకు తెలిసినంత చెబుతాను. మీలాంటి వెంచర్ల వాళ్లు డిపోకు అర్జీ పెట్టడం, మా పై అధికారులు ఒకసారి వచ్చి చూసి పోవడం, తర్వాత ఏమీ జరగకపోవడం నేను చాలాసార్లు చూశాను. ప్రతిసారీ అది అధికారుల నిర్లక్ష్యమే అనుకోవడం సరికాదు.

బస్సుకు కావలసింది ఒకవైపు ఎక్కి మరోవైపు దిగిపోయే దారి. మీ వెంచర్లకు ఉన్నది ఒకటే గేటు. లోపలికి వచ్చిన బండి అదే దారిన వెనక్కి పోవాలి, తిప్పుకోవడానికి చోటు ఉండాలి. మీ కోసం హైవే దిగి కిలోమీటరున్నర లోపలికి వచ్చి తిరిగి ఎక్కితే పది నిమిషాలు పోతుంది. అంతసేపు బండిలో కూర్చున్న అరవై మంది మీ ఇద్దరు ముగ్గురి కోసం ఎదురు చూడాలి. అదే పాత ఊళ్లను చూడండి. చినకాకాని, కాజ, పెదకాకాని అన్నీ రోడ్డును పట్టుకుని ఉంటాయి, బస్సు ఆగితే నాలుగు వీధుల జనం నడిచి వచ్చి ఎక్కుతారు. మీ చుట్టుపక్కల నాలుగు వెంచర్లున్నాయనుకోండి, ఒకదాని రోడ్డు ఇంకోదానిలోకి పోయేటట్టుంటే నాలుగూ కలిపి ఒక రూటు వేయవచ్చు. కానీ ప్రతి ఒక్కరూ ప్రహరీ గోడ కట్టుకుంటారు.

ఇంకొక సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు. ఆధార్ వంటి గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. మీ ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లకూ అది వర్తిస్తుంది. బస్సు ఉచితమే, బస్టాపు దాకా చేరడానికే మీకు పెట్రోలు ఖర్చవుతోంది. రైలు సంగతీ అంతే. గుంటూరు, విజయవాడ మధ్య నంబూరు, మంగళగిరి, కృష్ణా కెనాల్ స్టేషన్లలో ప్యాసింజర్లు ఆగుతాయి, ఒకప్పుడు ఉద్యోగస్తులంతా సీజన్ టికెట్ తీసుకుని వాటిలోనే తిరిగేవారు. ఇప్పుడు స్టేషన్ నుంచి కొత్త కాలనీలకు నడిచి పోయే దారి ఉందా అన్నదే ప్రశ్న.

అబ్బాయికి స్కూటీ మాత్రం వద్దు. పద్దెనిమిది నిండకుండా బండి ఇచ్చి వాడు ఏదైనా చేస్తే, 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ప్రకారం తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ హైవే మీద నేను కళ్లారా చూసినవి ఇక్కడ రాయలేను.

పోరంకి కోడలు:

రెండో కారు గురించి అడిగారు కనుక నా అనుభవం చెబుతాను. మేము బందరు రోడ్డు నుంచి రెండు కిలోమీటర్లు లోపలికి ఉంటాము. మెయిన్ రోడ్డు మీద బస్సులకు లోటు లేదు, షేర్ ఆటోలకు అసలే లేదు. అక్కడికి చేరడమే కష్టం. రాత్రి ఏడు దాటాక ఆ రెండు కిలోమీటర్లలో సగం చోట్ల దీపాలు వెలగవు, ఖాళీ ప్లాట్లలో తుమ్మ చెట్లు మనిషెత్తు పెరిగి ఉంటాయి, వాటి వెనక కుక్కల గుంపు. మా ఆయన వచ్చి తీసుకెళ్లేవరకు బస్టాపులో నిలబడి ఫోన్ చూసుకుంటూ ఎన్ని సాయంత్రాలు గడిపానో లెక్కలేదు. మగవారు దీన్ని పావుగంట ఆలస్యంగా చూస్తారు. మాకు అది ఆ రోజుకు మిగిలిన సమయమంతా.

చివరకు 44వ ఏట స్కూటీ నేర్చుకున్నాను. ఇంటి వెనక ఖాళీ ప్లాట్లలో రెండు వారాలు పడుతూ లేస్తూ నేర్చుకున్నాను, మోచేతి మీద మచ్చ ఇంకా ఉంది. నా బతుకు మారిందన్న మాట నిజం. బజారుకు నేనే వెళ్తాను, నచ్చినప్పుడు పుట్టింటికి వెళ్తాను. కానీ ఒక నిజం కూడా చెప్పాలి. నేను బండి నేర్చుకోగానే ఇంట్లో డ్రైవరు ఉద్యోగం సగం నా మీద పడింది. పిల్లల ట్యూషన్, మామగారి మందులు, అత్తగారి పేరంటాలు, అన్నింటికీ "నువ్వున్నావుగా అమ్మా" అనడం మొదలుపెట్టారు. మా అత్తగారికి మాత్రం ఏమీ మారలేదు. మునుపు కొడుకును అడిగేది, ఇప్పుడు కోడలిని అడుగుతోంది. మీ ఆవిడకు కారు నేర్పించండి, తప్పకుండా నేర్పించండి, అయితే అది మీ అమ్మగారి సమస్యకు మందు అనుకోకండి.

డ్రాయింగు బల్ల:

నేను లేఅవుట్ ప్లాన్లు గీసే పనిలో ఉన్నవాడిని, కాబట్టి ఈ నేరంలో నాకూ భాగం ఉంది. 2014లో రాష్ట్ర విభజన, ఆ తర్వాత రాజధాని ప్రకటన జరిగినప్పటి నుంచి విజయవాడ, గుంటూరుల మధ్య హైవేకు రెండు వైపులా ఎవరి పొలంలో వారు, ఎవరి కొలతల్లో వారు వెంచర్లు వేసుకుంటూ వచ్చారు. మేము గీసే ప్రతి ప్లానూ దానికదిగా చూస్తే నిబంధనల ప్రకారమే ఉంటుంది. నలభై అడుగుల రోడ్లు ఉంటాయి, పది శాతం ఖాళీ స్థలం ఉంటుంది, డ్రెయినేజీ గీతలు ఉంటాయి. పది ప్లాన్లు పక్కపక్కన పరిచి చూస్తే మాత్రం ఒక ఊరు కనిపించదు, పది పెట్టెలు కనిపిస్తాయి. రైతు పొలం ఎంత ఉంటే లేఅవుట్ అంత, రైతు గట్టు ఎక్కడుంటే గోడ అక్కడ. అందుకే మీ ఇంటి నుంచి కాకి ఎగిరితే మూడు వందల మీటర్లున్న చోటుకు మీరు మూడు కిలోమీటర్లు తిరిగి పోవలసి వస్తోంది.

మెట్రో వస్తే అన్నీ చక్కబడతాయని కొందరు ఎదురు చూస్తున్నారు. 2015లో ఢిల్లీ మెట్రో సంస్థ విజయవాడకు ప్రాజెక్టు నివేదిక తయారు చేసింది. బస్టాండు నుంచి పెనమలూరు వైపు ఒకటి, నిడమానూరు వైపు ఒకటి, రెండు మార్గాలు. అవి చాలా ఏళ్లు కాగితం మీదే ఉండిపోయాయి. వచ్చినా మీరున్న వైపుకు కాదు. కాబట్టి పెద్ద పథకాల కోసం కాకుండా చేతికి అందే దాని గురించి ఆలోచించమని నా సలహా.

మీరు చేయగలిగిన పని ఒకటి ఉంది. మీ లేఅవుట్ ఆమోదం పొందిన ప్లాన్ ప్రతిని తెప్పించుకుని చూడండి. గేటెడ్ కమ్యూనిటీగా కాకుండా మామూలు ఓపెన్ లేఅవుట్‌గా ఆమోదం పొందినదైతే అందులోని రోడ్లనూ ఖాళీ స్థలాన్నీ గిఫ్ట్ డీడ్ ద్వారా పంచాయతీకో మున్సిపాలిటీకో అప్పగించి ఉండాలి. అంటే ఆ రోడ్డు చివర కట్టిన గోడ చాలా సందర్భాల్లో అలవాటుగా కట్టిందే తప్ప ప్లాన్‌లో ఉన్నది కాదు. మీ వెనక గోడ అవతల ఏముందో ఒకసారి చూడండి. పాత ఊరి వీధి ఉంటే, మనిషి పట్టే గేటు ఒకటి పెడితే చాలు. కారు పట్టే గేటు అడగకండి, అడిగితే గోల మొదలవుతుంది.

లక్ష్మీపురం అమ్మమ్మ:

నేను బడిలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మీ అమ్మగారి వయసుకు కాస్త అటూ ఇటూగా ఉంటాను. కిందటి సంవత్సరం డాలస్ దగ్గర మా అమ్మాయి ఇంట్లో ఆరు నెలలు ఉండి వచ్చాను. మీరు రాసింది చదువుతుంటే ఆ ఆరు నెలలే కళ్ల ముందు మెదిలాయి. ఇల్లు రాజభవనంలా ఉంది, ఫ్రిజ్‌లో లేనిది లేదు. పొద్దున్నే అమ్మాయి, అల్లుడు చెరొక కారులో వెళ్లిపోతే సాయంత్రం దాకా నేను, కిటికీ. ఒకరోజు ధైర్యం చేసి పాల కోసమని నడుచుకుంటూ బయలుదేరాను. ఇరవై నిమిషాలు నడిచినా ఇళ్లే, ఒక్క కొట్టు లేదు. కాలిబాట ఒకచోట ఉన్నట్టుండి ఆగిపోయింది. కారులో పోతున్న ఒక తెల్లావిడ ఆపి, ఏమైనా సాయం కావాలా అని అడిగింది. నడుస్తున్న మనిషిని చూసి ఏదో ఆపద వచ్చిందనుకుంది పాపం.

అక్కడ అలా ఎందుకుందో చదివి తెలుసుకున్నాను. ఇళ్లుండే చోట కొట్లుండకూడదని ఊళ్లే చట్టాలు చేసుకున్నాయి. ఒహాయో రాష్ట్రంలో యూక్లిడ్ అనే ఊరు పెట్టిన అలాంటి నిబంధన చెల్లుతుందని 1926లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1956లో దేశమంతా పెద్ద పెద్ద రహదారులు వేయడానికి చట్టం వచ్చాక జనం మరీ దూరం జరిగారు. డాలస్‌కూ ఫోర్ట్‌వర్త్‌కూ మధ్య ఆర్లింగ్టన్ అని దాదాపు నాలుగు లక్షల జనాభా ఉన్న నగరం ఉంది. అంత నగరంలో మనకు తెలిసిన పద్ధతిలో తిరిగే సిటీ బస్సులు లేవు. 2017లో ఉన్న ఒక్క రూటునూ ఆపేసి ఫోన్‌లో పిలిస్తే వచ్చే వ్యాన్లు పెట్టారు. మన దగ్గర అసలు చిక్కు అలాంటి చట్టం కాదు, కలిపే దారి వేయడమే ఎవరికీ పట్టలేదు. అక్కడ ఈ తిప్పలు తప్పించడానికి చట్టాలు మార్చాలి. మీకు ఒక గోడ తీస్తే సరిపోవచ్చు. పైన ప్లాన్లు గీసే ఆ అబ్బాయి చెప్పింది వినండి.

ఇంకో మాట, అమ్మను అడగండి. బ్రాడీపేటకు తిరిగి పోదామా అని కాదు, రోజంతా నీకు ఏం కావాలి అని అడగండి. నన్ను మా అమ్మాయి అడగలేదు, నేనూ చెప్పలేదు.

నాలుగో లైను (ప్రశ్న అడిగినవారు, ఐదు వారాల తర్వాత):

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. జరిగింది రాయడం నా బాధ్యత అనిపించింది.

మొదట అమ్మను అడిగాను. గుడి, కూరగాయలు, మాట్లాడే మనిషి అంది. బ్రాడీపేట పేరు ఎత్తలేదు. ఆ తర్వాత ప్లాన్ ప్రతి తెప్పించి చూస్తే మా వెనక రోడ్డు నిజంగానే గోడ దగ్గర ఆగకుండా పక్క ఊరి పుంత (పాత బండ్ల బాట) దాకా ఉన్నట్టు గీసి ఉంది. గోడ అవతల నూట ఎనభై అడుగుల దూరంలో ఆ ఊరి రామాలయం, దాని పక్కన కిరాణా కొట్టు, ఇంకొంచెం ముందుకు పోతే పల్లెవెలుగు ఆగే చోటు. ముందు గేటు మీదుగా పోతే అదే చోటుకు రెండు కిలోమీటర్ల మూడు వందల మీటర్లు అని నా కారే చెప్పింది. మూడేళ్లుగా పొద్దున్నే వినిపించే సుప్రభాతం ఎక్కడి నుంచి వస్తోందో మాకు తెలియకపోవడం తలచుకుంటే నవ్వొస్తుంది.

సంఘం సమావేశంలో గొడవ జరిగింది. గోడకు గేటు పెడితే దొంగలు వస్తారన్నారు, ఊళ్లోవాళ్లు మన పార్కులోకి వస్తారన్నారు, ప్లాట్ల ధర పడిపోతుందన్నారు. దొంగతనాల భయాన్ని నేను కొట్టిపారేయలేను, కిందటి ఏడు మా వరుసలోనే ఒక ఇంట్లో పడ్డారు. ఆ దొంగలు వచ్చింది ముందు గేటు నుంచేనని ఒక పెద్దాయన గుర్తు చేశాక వేడి కాస్త తగ్గింది. చివరకు నెల రోజులు పరీక్షగా చూద్దామని, ఉదయం ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు తెరిచి వాచ్‌మన్‌ను పెట్టేట్టు ఒప్పుకున్నారు. మూడడుగుల గేటు, కారు పట్టదు. నెల అయ్యాక మళ్లీ ఓటింగు ఉంది, ఏమవుతుందో చూడాలి.

మా ఆవిడ ఇప్పుడు ఆ దారిన నడిచి వెళ్లి బస్సు ఎక్కుతోంది. టికెట్టు లేదు కనుక ఆటో డబ్బు మిగిలింది. రెండో కారు ఆలోచన ప్రస్తుతానికి మానుకున్నాము. అబ్బాయికి స్కూటీ లేదని చెప్పేశాను, వాడు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అమ్మాయి ట్యూషన్‌కు మాత్రం ఏ దారీ దొరకలేదు, రాత్రి ఎనిమిదికి ఆ గేటు మూసి ఉంటుంది, ఆ సమయంలో పల్లెవెలుగూ ఉండదు, కాబట్టి ఆ డ్యూటీ నాదే.

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి వంటింట్లో గోంగూర కట్టలు రెండున్నాయి. ఎవరు తెచ్చారని అడిగితే అమ్మ సమాధానం చెప్పకుండా, ఈ ఊళ్లో కట్టకు పది రూపాయలు అడుగుతున్నారని, రెండూ కలిపి పదిహేనుకు ఇచ్చేదాకా తను కదలలేదని, రేపు ఆ కొట్టు ఆవిడ సంగతి తేలుస్తానని చెప్పుకుంటూ పోయింది.